మా ఛోటా వేసిన ఈల

మా ఇంట్ల నన్ను ‘బడే’ అని పిలిచేటోళ్లు. నా తర్వాత అయిదేండ్లకు పుట్టినోణ్ణి ‘ఛోటే’ అనేటోళ్లు. గల్లీల అందరికీ వాడు ఛోటానే. వాని అసలు పేరు ఊర్ల సగం మందికి ఎరుకలేదు. కని వాడంటే ఎరుకలేనోడు మాత్రం ఎవడూ లేడు.

మాది సూర్యాపేట. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద ఉంటది. అప్పట్ల నల్లగొండ జిల్లా. మా అబ్బా దర్జీ. ఇల్లే దుకాణం. ముందర అరుగు మీద పాత ఉషా మిషను, వెనక ఒకటే అర్ర. ఆ అర్రల అబ్బా, అమ్మీ, నానీమా, నేను, ఛోటా. బతుకమ్మ, దసరా వస్తున్నయంటే ఊరు ఊరంతా మా ఇంట్లనే ఉన్నట్టుండేది. జాకెట్ల గుడ్డలు, లాగుల గుడ్డలు, కొలతల చిట్టీలు. రంజాన్ ముందర కంటె దసరా ముందరనే మా ఇంట్ల దీపం ఎక్కువసేపు వెలిగేది. మా రంజాన్ బట్టలకు పైసలు వచ్చేది గూడ ఆ దసరా జాకెట్ల మీది నుంచే.

బడి నుంచి రాంగనే నేను కాజాలు కుట్టాలె, గుండీలు పెట్టాలె. అది నా పని. రెండో పని ఛోటాను చూసుకోవాలె. కాజాలే నయం. సూది గుచ్చుకుంటే ఒక్క వేలికే నెత్తురొస్తది. ఛోటా ఏమన్న చేస్తే ఇంటిల్లిపాదికీ వచ్చేది.

వాణ్ణి మిషను దగ్గర కూసోబెడితే దారం రీలు మాయమయ్యేది. గాజు పెంకులు నూరి, గంజిల కలిపి, ఆ దారానికి పూసి మాంజా చేసేటోడు. సంక్రాంతికి మా గల్లీ మీద ఎగిరే పతంగులల్ల సగం మా అబ్బా దారం మీదనే ఎగిరేవి. నానీమా పాందాన్‌ల సున్నం తీసేసి దాంట్ల పెరుగు పెట్టిండు ఒకసారి. ఒక జుమ్మా నాడు అందరూ నమాజుల ఉంటే మసీదు బయట చెప్పులన్నీ కలిపి కుప్ప పోసిండు. పెద్దమనుషులంత బయటికొచ్చి అర్ధగంట సేపు ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కున్నరు. శనివారం హనుమాండ్ల గుడి కాడ గుడాలు పంచుతుంటే లైన్ల మొదటోడు మావోడే. ఒకసారి తీసుకొని, అంగి తిప్పి తొడుక్కొని మళ్ల లైన్ల నిలబడేటోడు. పంతులుకు తెలుసు. తెలిసే పెట్టేటోడు.

పీర్ల పండుగొస్తే ఇంటికే వచ్చేటోడు కాదు. అలావ కాడనే తిండి, నిద్ర. అలావ చుట్టూ ఆడేటోళ్లల్ల మావోళ్లెందరో, గొల్లోళ్లు, మాదిగోళ్లు అంతమంది ఉండేటోళ్లు. మలీద ముద్దలు జేబుల పెట్టుకొని వచ్చి నిద్రపోయే నా నోట్ల కుక్కేటోడు. ‘తిను భాయీ, పీరు పంపిండు’ అనేటోడు.

ఇసొంటి తమ్ముడు అందరి ఇండ్లల్ల ఉంటడు. మీ ఇంట్ల గూడ ఉండే ఉంటడు. చదువుతుంటే మీకు మీవోడు యాదికొచ్చి నవ్వు గూడ వచ్చి ఉంటది. నేను రాస్తున్నది ఆ నవ్వు దగ్గర మీకు, మాకు తొవ్వలు ఎట్ల చీలినయో చెప్పెతందుకే.

మసీదు కాడ చెప్పులు కలిపినప్పుడు మౌల్సాబు అబ్బాను పిలిచి ‘నీ కొడుక్కు జర బుద్ధి చెప్పు’ అన్నడు. అక్కడ వాడు దర్జీ కొడుకు. మసీదు గేటు దాటితే వాడు తుర్కోడు.

ఊరి బయట ఒక మామిడితోట ఉండేది. ఎండకాలం సెలవుల్ల ముగ్గురు పోరగాళ్లు దాంట్ల దూకిండ్రు. ఒకడు పటేల్ కొడుకు, ఒకడు కిరాణం సేటు మనుమడు, మూడోడు మా ఛోటా. చెట్టెక్కింది పటేల్ కొడుకు. సంచి పట్టింది సేటు మనుమడు. మావోడు గోడ మీద కూసోని కాపలా కాసిండు. ముగ్గురూ దొరికిండ్రు. తోట ఆసామి వాళ్లిద్దర్ని చూసి ‘పిల్లగాండ్లు గద, కాయలు కనబడితే ఊకుంటరా’ అన్నడు. మా ఛోటా చెవి మెలిపెట్టి మా దుకాణం దాక గుంజుకొచ్చి, ‘ఈ తుర్క పోరడే వాళ్లను చెడగొడుతుండు’ అన్నడు. అబ్బా మిషను మీది నుంచి లేచి రెండు చేతులు జోడిచ్చిండు. ఛోటా అబ్బా చేతుల దిక్కు చూసిండు. తర్వాత నా దిక్కు చూసిండు. వానికి అప్పటికి ఏడేండ్లుంటయేమో.

ఇంకోసారి పెద్దగట్టు జాతర. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేండ్లకొకసారి లింగమంతుల జాతర అయితది. గజ్జెల లాగులు, భేరీలు, గొర్రెపొటేళ్లు, లక్షల జనం. ఛోటాకు ఆ రోజు కొత్త లాగు కావాల్సొచ్చింది. దుకాణంల ఒక గుత్తేదారు కొడుకు లాగు కుట్టి ఇస్త్రీ చేసి పెట్టి ఉంది. తొడుక్కొని జాతరకు పోయిండు. వచ్చేసరికి మోకాలు కాడ చినిగింది. అబ్బా మళ్ల గుడ్డ కొని, రాత్రంత కూసోని కొత్తది కుట్టి ఇచ్చిండు. అయినా ఆ గుత్తేదారు దుకాణం ముందర నిలబడి ‘తుర్కోళ్లకు గుడ్డలిస్తే ఇట్లనే ఉంటది’ అన్నడు. లాగు చింపింది ఎనిమిదేండ్ల పోరడు. మాట పడ్డది మాత్రం ఊర్ల ఉన్న తుర్కోళ్లందరు.

అందరి పిల్లల అల్లరి వాళ్ల వాళ్లదే. మా పిల్లల అల్లరి మా అందరిదీ. ఈ లెక్క నాకు ఎవరూ కూసోబెట్టి చెప్పలే. ఎక్కాలు వచ్చినంక కూడికలు వచ్చినట్టు దానంతట అదే వచ్చింది. ఛోటాకు మాత్రం ఎన్నడూ రాలే. అందుకే వానికి నేను నేర్పబోయిన.

1986 ఏప్రిల్ 18. శుక్రవారం. షార్జాల ఇండియా, పాకిస్తాన్ ఫైనల్. మాకు నాలుగిండ్ల అవతల ఒక సారు ఇంట్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. సారు మంచోడు. గల్లీ పిల్లలందర్నీ రానిచ్చేటోడు. చెప్పులు బయట విడిచి చాప మీద కూసోవాలె, అంతే. మేం పోతుంటే అబ్బా మిషను ఆపి, నా దిక్కు చూసి ఒకటే మాట అన్నడు. ‘వాణ్ణి జర చూస్కో.’ వాడు తప్పిపోతడని కాదు. నాలుగిండ్ల దూరంల ఎవడు తప్పిపోతడు? ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నాకప్పుడు పదమూడేండ్లు.

ఇండియా 245 కొట్టింది. గవాస్కర్ 92, శ్రీకాంత్ 75. శ్రీకాంత్ బాలును కొట్టినప్పుడల్లా మా ఛోటా రెండు వేళ్లు నోట్ల పెట్టి ఈల వేసిండు. ఈల అంటే మామూలు ఈల కాదు. బస్టాండు దాక వినబడేది. సారు చెవులు మూసుకొని ‘వీని గొంతుల సైరన్ ఉందిరా’ అని నవ్విండు. అందరూ నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

చివరి బాలు దాక వచ్చింది. పాకిస్తాన్‌కు నాలుగు పరుగులు కావాలె. చేతన్ శర్మ వేసిండు. మియాందాద్ కొట్టిండు. బాలు బౌండరీ అవతల పడ్డది.

అర్ర అర్రంత పీనిగెల్లిన ఇల్లు లెక్క అయింది. ఆ నిశ్శబ్దంల ఒకటే చప్పుడు. మా ఛోటా ఈల.

నేను వాని దిక్కు తిరిగిన. వాని మొఖం నాకింకా యాదికుంది. ఆ మొఖంల పాకిస్తాన్ లేదు, ఇండియా లేదు. అంత ఎత్తున పోయిన బాలు ఉంది. వానికి ఎనిమిదేండ్లు. సిక్సు ఎవడు కొట్టినా సిక్సే వానికి.

చాచి చెంప మీద కొట్టిన. ఈల నోట్లనే తెగింది. వేళ్లు ఇంకా నోట్లనే ఉన్నయి. పన్ను దిగి వేలు తెగి నెత్తురొచ్చింది.

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. అప్పటికి ఆ అర్రల ఎవరూ ఒక్క మాట అనలే. అంటుండెనో లేదో గూడ నాకు తెల్వదు. ఇప్పటికీ తెల్వదు. ఎవరన్న అంటరేమోనని, అనకముందే నేనే కొట్టిన. ఇంకెవరో వెయ్యాల్సిన శిక్షను నేనే ముందుగాల్ల వేసి, ‘చూడుండ్రి, మేం అసొంటోళ్లం కాదు’ అని చూపించుకున్న.

సారు ఛోటాను దగ్గరికి తీసుకున్నడు. ‘పోనియ్యిరా, చిన్న పిల్లగాడు’ అన్నడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, ‘పెద్దోడు బుద్ధిమంతుడు’ అన్నడు. సారు మంచి మనసుతోనే అన్నడు. ఆ మాటకు నా ఛాతి పొంగింది. అదే నాకు ఇయ్యాల్టికీ సిగ్గు. నాకు బుద్ధిమంతుడని పేరొచ్చింది మా తమ్ముని చెంప మీద.

ఇంటికి పోయినంక అమ్మీ వాని వేలు చూసి ఏమైందని అడిగింది. ‘దర్వాజల పడ్డది’ అన్నడు. నేను కొట్టిన్నని చెప్పలే. చీకట్ల పక్క మీద మెల్లగ అడిగిండు. మేం ఇంట్ల మాట్లాడేది ఉర్దూ, ఇక్కడ తెలుగుల రాస్తున్న.

‘భాయీ, సిక్సు కొడితే ఈల వెయ్యొద్దా?’

‘వెయ్యొచ్చు.’

‘మరి?’

‘అన్ని సిక్సులకు వెయ్యొద్దు.’

ఏ సిక్సుకు వెయ్యొచ్చో, ఏ సిక్సుకు వెయ్యొద్దో వాడు అడుగుతడేమోనని భయపడ్డ. అడగలే. సోచాయించుకుంట సోచాయించుకుంట పండుకున్నడు. ఆ తర్వాత వాడు నా ముందర ఈల వేయంగ నేను ఎన్నడూ వినలే.

ఆ దినం నుంచి నేను వానికి భాయిని తక్కువ, పోలీసును ఎక్కువ అయిన. బస్సుల గట్టిగ ‘అమ్మీ’ అని పిలవకు. టోపీ మసీదు కాడ పెట్టుకో, బజార్ల తీసి జేబుల పెట్టు. మ్యాచ్ ఉన్న రోజు ఆకుపచ్చ అంగి తొడగకు. ఎవడన్న ఏమన్న అంటే నవ్వు, జవాబియ్యకు. ఇవన్ని మా ఇంట్ల రాయని చట్టాలు. చేసింది నేను, తప్పేది వాడు. పది మంది ముందర వాడు తప్పిండంటే పది మంది ముందరనే చెయ్యి లేపేటోణ్ణి. ఇంట్ల ఎంత ఆగం చేసినా పెద్దగ కొట్టేటోణ్ణి కాదు. ఈ తేడా నాకే తెల్వదు అప్పట్ల.

1991ల వాడు ఎనిమిదో తరగతి. వాడు అజారుద్దీన్ లెక్క కాలర్ లేపుకొని తిరిగేటోడు. అజర్ ఇండియా కెప్టెన్ అయినంక వాని నడకనే మారింది. బడి గ్రౌండ్ల క్రికెట్ ఆడుతుంటే ఔటా, నాటౌటా అని లొల్లయింది. ఒకడు ‘పాకిస్తానోడా, నీకేం తెలుసురా’ అన్నడు. ఛోటా వాని అంగి పట్టుకొని గుంజిండు. అంగి చినిగింది, ముక్కుకు దెబ్బ తగిలింది. హెడ్మాస్టరు కబురు పెడితే అబ్బా నన్ను పంపిండు. ‘నువ్వు చదువుకున్నోనివి, మంచిగ మాట్లాడుతవ్’ అన్నడు.

మంచిగనే మాట్లాడిన. ఆ పిలగాని తండ్రికి దండం పెట్టిన. చినిగిన అంగి మేం కుట్టిస్తమన్న. ఛోటాతోని అందరి ముందర దండం పెట్టించిన. వాడు ఒక్కసారి నా దిక్కు చూసి ‘వాడన్నది ఎవరడుగుతరు?’ అన్నడు. ‘నోరు మూసుకొని పెట్టు’ అన్న. పెట్టిండు. ఆ మాట అన్న పిలగానితోని మాత్రం ఎవరూ ఏమీ చెప్పించలే. నేను గూడ అడగలే.

తెల్లారి ఛోటా బడికి పోలే. ఆ తెల్లారీ పోలే. వారం దినాలకు హైవే మీద లారీల మెకానిక్ షెడ్డుల స్పానర్లు కడుగుకుంట కనబడ్డడు. అబ్బా తిట్టిండు, అమ్మీ ఏడ్చింది. వాడు బడి దిక్కు మళ్ల పోలే. ‘చదువబ్బలే, అల్లరోడు’ అని ఊరంత అన్నది. మేం గూడ అదే అన్నం, అనుకుంటే మాకు గూడ అల్కగ ఉండేది.

2006ల సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల లోపు ముస్లిం పిల్లలల్ల 25 శాతం బడి మొఖమే చూడనోళ్లు, లేకుంటే నడుమల మానేసినోళ్లు అని దాంట్ల రాసిండ్రు. నేను అప్పటికి బడి పంతులును. ఆ అంకె చదువుతుంటే నాకు అంకె కనబడలే. స్పానర్లు కడిగే పదమూడేండ్ల ఛోటా కనబడ్డడు. పేదరికం ఉంది, సర్కారు పట్టించుకోకపోవుడు ఉంది, కాదనను. మా ఇంట్ల మాత్రం వాని చదువు ఆగింది నేను పెట్టించిన ఆ దండంతోని.

1992 డిసెంబర్ 6. ఆదివారం. పొద్దుగూకినంక అబ్బా రేడియోల బీబీసీ ఉర్దూ పెట్టిండు. అబ్బా చేతుల కత్తెర ఉంది. గుడ్డ సగం కోసి ఉంది. వార్త విని కత్తెర అట్లనే పట్టుకొని కూసున్నడు. నానీమా తస్బీ తిప్పుడు ఆపలే. అమ్మీ దర్వాజ వెయ్యబోయి ఆగింది. ‘ఛోటే?’ అన్నది. వాడు ఇంట్ల లేడు.

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్న. సైకిల్ తీసుకొని ఉరికిన. బస్టాండు కాడ చూసిన, సినిమా టాకీసు కాడ చూసిన. దుకాణాల షట్టర్లు దిగుతున్నయి. మనుషులు గుంపులు గుంపులుగ నిలబడి మాట్లాడుతున్నరు. నేను పోతుంటే మాట ఆపుతున్నట్టు అనిపించింది. నిజంగ ఆపిండ్రో, నా భయమో. షెడ్డు కాడికి పోయిన. విజయవాడ పోయే లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు, క్లీనరు ఎదురుంగ హోటల్ల చాయ్ తాగుతున్నరు. లారీ కింద నుంచి రెండు కాళ్లు కనబడ్డయి. ఆ చెప్పులు నేనెరుగుదు.

కాళ్లు పట్టి బయటికి గుంజిన. మొఖం నిండ గ్రీజు, చేతుల స్పానరు. ‘దేశమంత మండుతుంటే నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నవ్‌రా’ అని చెయ్యి లేపిన. ‘బండి పోవాలె భాయీ. మై క్యా కరా?’ అన్నడు. నేనేం చేసిన్న అని. నా చెయ్యి ఇంకా మీదనే ఉంది. వాడు లేచి నిలబడి నా మణికట్టు పట్టుకున్నడు. పద్నాలుగేండ్లకే వాని పట్టు మెకానిక్ పట్టు అయింది.

‘కొట్టకు భాయీ. ఎవరు చూస్తుండ్రిప్పుడు?’

నాకు మొదలు సమజ్ కాలే. వాడు కోపంతోని అనలే, నిజంగనే అడిగిండు. ‘నువ్వెప్పుడూ ఎవరన్న చూస్తుంటెనే కొడ్తవ్ గద. ఇక్కడ ఎవరున్నరు?’

రోడ్డు దిక్కు చూసిన. నిజమే, ఎవరూ లేరు. లారీ, మేమిద్దరం. ఆరేండ్ల నుంచి నేను ఎవరికోసం కొడుతున్ననో నాకంటె ముందు వానికి తెలిసింది. చెయ్యి దించిన. ఆ దినం దిగిన చెయ్యి మళ్ల వాని మీద లేవలే.

వాడు లారీ కిందికి మళ్ల దూరి ఆ నట్టు బిగిచ్చి, డ్రైవర్‌ను పిలిచి బండి చూపిచ్చినంకనే ఇంటికి కదిలిండు. తొవ్వల హనుమాండ్ల గుడి పక్క ఇంటి నుంచి పంతులు దర్వాజ సగం తెరిచి, ‘ఛోటా, జల్ది ఇంటికి పోరా, రోజులు మంచిగ లెవ్వు’ అన్నడు. ఛోటా ‘నీ లూనా రేపు తెచ్చిస్త పంతులూ’ అన్నడు. ఆ పక్కనే గోడ మీద ఎవరో అప్పుడే బొగ్గుతోని ఏదో రాస్తున్నరు. మేం తల తిప్పకుండ నడిచినం. పంతులు మాట గూడ నిజమే, గోడ మీది రాత గూడ నిజమే. మేం ఆ రెండింటి నడుమ నుంచే రోజూ ఇంటికి పోయేటోళ్లం.

భయపడుడు నీ తప్పే అని నన్ను ఎవరన్న అంటే ఒప్పుకోను. ఆ భయం ఉత్తది కాదు. 2007 మే 18న హైదరాబాదుల మక్కా మసీదుల బాంబు పేలింది. చచ్చిపోయినోళ్లల్ల నమాజుకు పోయినోళ్లున్నరు. ఆ తర్వాత పోలీసులు పట్టుకపోయిన వాళ్లల్ల ఎందరో మా పోరగాళ్లే. వాళ్లల్ల ఎందరి మీద కేసులు కోర్టుల నిలబడలే, విడిచిపెట్టిండ్రు. అప్పటికి వాళ్ల కొలువులు, చదువులు, పెండ్లిళ్లు ఆగమయినయి. ఆ శుక్రవారం మా ఛోటా స్పేర్ పార్టుల కోసం రాణిగంజ్ పోయి ఉన్నడు. అమ్మీ ఫోన్ చేసుకుంట చేసుకుంట ఏడ్చింది. మూడు గంటలకు వాడు ఎత్తి, ‘రేడియేటర్ దొరికింది అమ్మీ, వస్తున్న’ అన్నడు. వానికప్పుడు 29 ఏండ్లు, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా నేను ఫోన్ల ‘గడ్డం గీక్కొని బస్సెక్కు’ అన్న. వాడు ఒక్క క్షణం ఆగి, ‘సరే భాయీ’ అన్నడు. గీక్కోలే. గడ్డంతోనే వచ్చిండు.

2020 ఏప్రిల్ నెల. లాక్‌డౌన్. ఢిల్లీ మర్కజ్ సంగతి టీవీలల్ల పొద్దుమాపు అదే పనిగ చెప్పుతున్నరు. కూరగాయల బండ్లోళ్లను పేరడిగి కొంటున్నరని అక్కడక్కడ వింటున్నం. నాకు ఇద్దరు కొడుకులు. పెద్దోనికి పద్నాలుగు, చిన్నోనికి తొమ్మిది. చిన్నోడు అచ్చు వాళ్ల చాచానే. ఇద్దర్నీ తీసుకొని గిర్నికి పోయిన. ముందర ఎవరిదో మిరపకాయ పడుతున్నరు. ఘాటు గల్లీ నిండ ఉంది. సున్నం గీతల నిలబడ్డ నలుగురూ మాస్కులల్లనే దగ్గుతున్నరు. మా చిన్నోడు దగ్గిండు. ఒక్కసారే దగ్గిండు. మా పెద్దోడు రెండు చేతులతోని వాని నోరు మూసిండు. మాస్కు మీది నుంచి గట్టిగ, ఊపిరి అందకుండ మూసిండు. వాని కండ్లు నా కండ్లే, షార్జా నాటివి.

ఆ నలుగురిది మిరపకాయ దగ్గు. మా చిన్నోనిది మర్కజ్ దగ్గు. ఎవరూ ఏమీ అనలే. అనకముందే మా పెద్దోడు నోరు మూసిండు. నేను వానికి ఈ చట్టాలేవీ చెప్పలే. చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నోణ్ణి. అయినా వానికి వచ్చినయి. గిర్ని కాడున్న అవ్వ వాని దిక్కు చూసి, ‘పెద్దోడు తమ్మున్ని మంచిగ చూసుకుంటుండు’ అన్నది.

నా కడుపుల దేవినట్టయింది. పోయి పెద్దోని చేతులు తీసేసిన. ‘దగ్గనియ్యిరా’ అన్న. చిన్నోడు తనివితీర దగ్గిండు. ఎవరూ కొట్టలే, ఎవరూ తిట్టలే. ఇంకో దినం, ఇంకో ఊర్ల అంటుండ్రేమో. కొన్ని ఊర్లల్ల అన్నరు గూడ. కని అనేటోడు అననీ. వానికంటె ముందు మా పిల్లల నోరు మేమే ఎందుకు మూయాలె?

మంచి మైనారిటీ పిల్లగాడు ఎట్లుండాలెనో మాకు చానా మంది చెప్పిండ్రు. అబ్దుల్ కలామ్ లెక్క ఉండాలె అంటరు. కలామ్ సాబు గొప్పోడే. కని మీ పిల్లలందరు శాస్త్రవేత్తలయితేనే మీరు ఇంట్లకు రానిస్తున్నరా? మీ ఇంట్ల గూడ చదువబ్బనోడు, చెట్లెక్కేటోడు, అంగి చింపేటోడు ఉన్నడు గద. వాణ్ణి చూసి మీరు మీ కులమంత ఇంతే, మీ దేవుడింతే అనుకుంటలేరు గద. మాకు కావాల్సింది పెద్ద పెద్ద ముచ్చట్లు ఏం లెవ్వు. మా పోరడు తప్పు చేస్తే ఆ తప్పుకు ఎంత శిక్షో అంతే వెయ్యుండ్రి. అది వాని తప్పుగనే ఉండనియ్యుండ్రి.

మావోళ్లకు గూడ ఒక మాట. భయం పైనుంచి వస్తది, నిజమే. కని దాన్ని ఇంట్లకు తెచ్చి పిల్లల చెంపల మీద పెట్టేది మన చేతులే. ఊరు వేసే దెబ్బ ఎప్పుడో ఒకసారి పడ్తది. మనం వేసేది రోజూ పడ్తది.

గిర్ని నుంచి వచ్చిన రాత్రి ఛోటాకు ఫోన్ చేసిన. వానికిప్పుడు అదే హైవే మీద సొంత షెడ్డు ఉంది. ‘ఛోటే, ఆ షార్జా మ్యాచ్‌నాడు నువ్వు ఈల వేస్తే నేను కొట్టిన, యాదికుందా?’ అన్న. 34 ఏండ్ల సంది దాచుకున్న మాట. గొంతు వణికింది.

‘ఏ ఈల భాయీ? నువ్వు కొట్టిన దెబ్బలు నేను లెక్క పెట్టుకున్ననా?’ అని పెద్దగ నవ్విండు. నవ్వు ఆగినంక కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత, ‘వేలు మీద గాటు ఇంకా ఉంది’ అన్నడు. ఇంకా కొంచెం ఆగి, ‘లాక్‌డౌన్ అయినంక నీ చిన్నోణ్ణి నా కాడికి పంపు. షెడ్డుల నాలుగు దినాలుండనీ’ అన్నడు.

పంపిన. మెకానిక్ పని ఏం నేర్చుకున్నడో తెల్వదు. ఈల మాత్రం నేర్చుకొని వచ్చిండు. ఇప్పుడు మ్యాచ్ వస్తే మా ఇంట్ల టీవీ ముందర కూసోని రెండు వేళ్లు నోట్ల పెడ్తడు. సిక్సు ఎవరు కొట్టినా వేస్తడు. కిటికీలు తెరిచే ఉంటయి. పెద్దోడు నా దిక్కు చూస్తడు. నేను టీవీ దిక్కు చూస్త.